నా కొలతకు చేసిన బోర్డు

కిందటి నెల విశాఖపట్నం నుంచి ఒక కుర్రవాడు కోరుట్లలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. పేరు కార్తీక్. చెవికి పోగు, మోచేయి దాకా పచ్చబొట్టు, భుజాన కెమెరా సంచి. సముద్రపు అలల మీద నిలబడి జారుతారు చూడండి, ఆ సర్ఫింగ్ బోర్డులు తయారు చేయడం అతని పని. ఎక్కే మనిషి ఎత్తు, బరువు, ఈత ఏపాటి వచ్చు, ఏ ఒడ్డున ఆడతారు, అన్నీ అడిగి తెలుసుకుని ఒక్కొక్కరికి ఒక్కో బోర్డు చెక్కి ఇస్తాడట. దీన్నే కస్టమ్ షేపింగ్ అంటారని పదే పదే విడమరిచి చెప్పాడు. ఉద్యోగమంతా బడిపిల్లలకు పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని, ఒకసారి చెబితే నాకు అర్థమవుతుందని అతనికి తోచలేదు. చాయ్ ఇస్తే బెల్లం వేశారా అని అడిగాడు. చక్కెరే అన్నాను. ముఖం చిన్నబుచ్చుకున్నాడు. ఇటువైపు ఇళ్ళలో అన్నీ బెల్లంతోనే చేస్తారని ఎవరు చెప్పి పంపారో.

చాయ్ తాగి ఫోన్ తీసి ఒక ఫొటో చూపించాడు. మస్కట్ దగ్గర సముద్రం ఒడ్డున ఒక హోటలు, దాని గోడకు వేలాడదీసిన పొడవాటి చెక్క బోర్డు. నడిమధ్య రెండు పాదాల ఆకారాలు చెక్కి ఉన్నాయి. ఆ హోటలు ఒకప్పుడు ఒక సాహెబు బంగళా అట. అక్కడ పనిచేసే మనవాళ్ళు, ఇది కోరుట్ల నుంచి మల్లేశం అనే ఆయన తెచ్చిందని చెప్పారట. మల్లేశం మా కాక, మా బాపు తమ్ముడు. ఆయన పోయి చాలా కాలమైంది కాబట్టి ఈ అబ్బాయి నా దగ్గరికి వచ్చాడు. "సముద్రమే లేని ఊళ్ళో లాంగ్‌బోర్డు చేశారంటే మామూలు విషయం కాదండీ. ఆ కళాకారుడి గురించి చెప్పండి. ఆ పాదముద్రల వెనక ఏదో ఫిలాసఫీ ఉండుంటుంది" అన్నాడు. నేను ఫోన్ దగ్గరికి తీసుకుని వేళ్ళతో ఆ ఫొటో పెద్దది చేశాను. ఎడమ పాదం చిటికెన వేలు పక్క వేలు మీదికి ఎక్కి ఉంది. చిన్నప్పుడు రోకలి జారి పడితే వంకరపోయిన వేలు అది. ఆ పాదాలు నావి.

"ఫిలాసఫీ లేదు ఏం లేదు కొడుకా, ఇద్దరు మగోళ్ళ బడాయి ఉన్నది దాని వెనక" అన్నాను. అతను నవ్వాడు, నేను హాస్యమాడుతున్నాననుకుని. ఆ నవ్వు చూశాక నాకు మొత్తం చెప్పబుద్ధి కాలేదు. అతనికి చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను.

నా చిన్నతనంలో మా ఇల్లంతా తునికాకు వాసన. పొద్దున అవ్వ, అంటే మా అమ్మ, ఆకు తడిపి గోనెసంచిలో చుట్టి పెట్టేది. వంట కాగానే గడప పక్కన చేట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే దీపాలు పెట్టే వేళ దాకా బీడీలు చుడుతూనే ఉండేది. అన్నం కలిపి పెడితే ముద్దలో కూడా పొగాకు ఘాటు తగిలేది. మాకు భూమి లేదు. బాపు ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ నడిచే కాలంలో చెరుకు బండ్ల మీద కూలికి పోయేవాడు, తక్కిన కాలంలో ఏ పని దొరికితే ఆ పని. మా ఇంట్లో ఏ వస్తువూ ఎవరి కొలతకూ ఉండేది కాదు. బాపు అంగీ చిరిగితే అన్నకు కుదించేవారు, అన్న అంగీ పొట్టిదైతే నాకు వచ్చేది. అవ్వ పాత చీర నా లంగా అయ్యేది. చెప్పులు కూడా అన్న విడిచినవే, ముందు గుడ్డ పేలికలు కుక్కుకుని తొడిగేదాన్ని. దర్జీ టేపు ఎప్పుడూ నా ఒంటి మీద పడలేదు. అందుకని నాకు ఏడుపేమీ లేదు, అందరి ఇళ్ళలో అంతే అనుకునేదాన్ని. బోర్డు సంగతి వచ్చాకే తెలిసింది నాకు ఆ కోరిక ఉందని.

మల్లేశం కాక మస్కట్ నుంచి సెలవు మీద వచ్చినప్పుడల్లా వాడకట్టుకు అత్తరు వాసన ముందు వచ్చేది, ఆయన వెనక వచ్చేవాడు. పొద్దుగూకాక కూడా నల్లద్దాలు తీసేవాడు కాదు, గుమ్మానికి తల కొట్టుకునేవాడు. అక్కడ సాహెబు బంగళాలో తోటపని. ఇక్కడ మాత్రం మేనేజరునని చెప్పుకునేవాడు. మేనేజరు అరచేతులకు అన్ని కాయలెందుకున్నాయని అడిగే ధైర్యం ఎవరికీ లేదు, ఎందుకంటే అందరికీ ఆయన దగ్గర్నుంచి ఒక సబ్బో సెంటుసీసానో రావాల్సి ఉండేది. ఒక ఏడు ఆయన ఒక ముడులేసిన దారం జేబులో పెట్టుకుని వచ్చాడు. సాహెబు బిడ్డ అలల మీద ఆడుకునే బోర్డు రాళ్ళకు తగిలి విరిగిందట. మా ఊళ్ళో ఇంతకంటే మంచిది చేయిస్తానని ఈయన సాహెబుతో అన్నాడట. సాహెబు నవ్వాడట.

"నవ్విండంటే ఒప్పుకున్నట్టే" అన్నాడు కాక బాపుతో. "బోర్డు మెచ్చిండంటే నన్ను డ్రైవరును జేస్తడు. ఇగ తోటల నీళ్ళు వట్టుడు ఉండది."

"మేనేజరువు గదరా నువ్వు" అన్నాడు బాపు. కాక నల్లద్దాలు సర్దుకుని బయటికి పోయాడు.

పని వడ్ల బ్రహ్మయ్యకు అప్పజెప్పారు. ఈయన తలుపులు, దర్వాజాలు, ఎడ్లబండ్లు చేసే మనిషి. చేతిలో పని ఉంది, కాదనను. కానీ నోటిలో దానికి నాలుగింతలు ఉండేది. ఊళ్ళో ఏ తలుపు కిర్రుమన్నా అది తాను చేసింది కాదనేవాడు. సముద్రం చూసి ఎరుగడు. కాక అలలంటే ఏమిటో చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "అల అంటే ఏంది? నీళ్ళ గుట్టనే గదా. నా బండ్లు కొడిమ్యాల గుట్టలు దిగుతలేవా? గిదీ దిగుతది" అన్నాడు. కాక తెచ్చిన దారం ముడులు లెక్కపెట్టి దూరం విసిరేశాడు. "గిది ఇరిగిన దాని కొలత. ఇరిగిన దాని కొలతతోని జేస్తే ఇదీ ఇరుగుతది." ఈ తర్కానికి మా కాక తల ఊపాడు. ఇద్దరూ ఇద్దరే.

దర్వాజా ఏదైనా బ్రహ్మయ్య ముందు ఇంటి యజమాని పేరు అడిగేవాడు. ఆ పేరుకు ఏ ఆయం కలుస్తుందో వేళ్ళ మీద గుణించి, కొలతలో రెండు వేళ్ళు పెంచడమో తగ్గించడమో చేసేవాడు. ఆయం కుదరని గుమ్మంలోంచి లక్ష్మి లోపలికి రాదని ఊరందరి నమ్మకం. బోర్డును కూడా ఆయన దర్వాజా కిందనే లెక్కగట్టాడు. సాహెబు బిడ్డ పేరేమిటని అడిగాడు. కాకకు తెలియదు. తోటలోంచి దూరంగా చూడడమే తప్ప ఆ పిల్లతో ఆయన ఎన్నడూ మాట్లాడి ఉండడు.

"పేరు దెల్వకుంట ఆయం ఎట్ల జూస్తరు మల్లేశం? ముంచుతది."

"పేరెందుకే బ్రహ్మయ్యా? పిల్ల గీ మా నర్సంత ఉంటది. గంతే ఎత్తు, గంతే బక్కగ."

నర్సు అంటే నేనే. బ్రహ్మయ్య నన్ను కిందినుంచి మీదిదాకా చూశాడు. "అయితే నర్సు కొలతనే దీస్త. నర్సు పేరు మీదనే ఆయం జూస్త. కొలత ఎవలదైతే పేరు గూడ ఆల్లదే. నా పద్ధతి గది. ఇష్టం లేకుంటే ఇంకో వడ్లాయనను జూసుకో."

కాక చాలాసేపు నసిగి, సాహెబుకు ఈ సంగతి ఎవరూ రాయొద్దని మా అందరికీ హెచ్చరిక చేశాడు. మా ఇంట్లో సాహెబుకు ఉత్తరం రాసేవాళ్ళు ఎవరున్నారో ఆయనకే తెలియాలి.

నన్ను బీడీల కార్ఖానాకు తీసుకుపోయి, పొగాకు బస్తాలు తూచే కాంటా మీద గోనెలో కూర్చోబెట్టి తూచారు. ఎత్తు దారంతో కొలిచారు, చేతులు చాపించి కొలిచారు, భుజాల వెడల్పు కొలిచారు. చివరికి బ్రహ్మయ్య నన్ను చెక్క మీద నిలబెట్టి, సీసపు కడ్డీతో పాదాల చుట్టూ గీశాడు. చక్కిలిగింత పెడితే కదిలాను, తిట్టాడు. ఆయన గీత వంకర వేలు దగ్గర ఆగి, చుట్టూ తిరిగి, మళ్ళీ సాగింది. వంకర ఉంటే వంకరే గీయాలన్నాడు. నాకు అప్పుడు ఒళ్ళంతా సంతోషం పాకింది. దాచుకోవడం ఎందుకు, ఈ భూమ్మీద ఒక వస్తువు నా ఒంటిని చూసి, నా పేరు అడిగి, నా వంకర వేలుతో సహా తయారవుతోందని గర్వపడ్డాను. ఎవరికోసమో అన్న సంగతి తెలిసి కూడా.

పొనికి చెక్క కొడిమ్యాల అడవి వైపు నుంచి వచ్చింది. బొమ్మలు చేసే చెక్క అది, ఎత్తితే బరువే ఉండదు. పలకలు పక్కపక్కన చేర్చి, చీలలు కొట్టి, జిగురు పట్టించి, తాళ్ళతో బిగించి ఆరబెట్టారు. తర్వాత బాడిశతో ఆకారం తీయడం మొదలైంది. ముక్కు గుండ్రంగా వచ్చి కొంచెం పైకి లేవాలి, లేకపోతే నీళ్ళలోకి దూసుకుపోతుంది. అంచులు మధ్యలో మందంగా, చివరలకు పోయేకొద్దీ పలచగా రావాలి. తోక కింద చేప రెక్కలాంటి ముక్క ఒకటి. ఇవన్నీ కాక దగ్గరున్న, పత్రికలోంచి చింపిన ఒక బొమ్మను చూసి పట్టారు, ఆ బొమ్మలో కూడా సగం బోర్డు మనిషి వెనక దాగి ఉంది. దాగిన సగం గురించి ఇద్దరూ రోజూ పోట్లాడుకునేవారు. రందతో చిత్రిక పట్టినప్పుడు లేచిన తెల్లటి పొట్టు అవ్వ పొయ్యిలోకి గంపతో తెచ్చుకునేది. బడి విడవగానే నేను బ్రహ్మయ్య కొట్టానికి పరుగెత్తేదాన్ని. రెండు దిమ్మెల మీద పెట్టిన బోర్డు మీద బోర్లా పడుకో అనేవాడు, లేచి నిలబడు అనేవాడు, కిందికి వంగి చూసి ఎక్కడ బరువు పడుతోందో అక్కడ గుర్తు పెట్టుకుని మరో మూడు వేళ్ళ దూరం రంద పట్టేవాడు. పొనికి చెక్క మీద పడుకుంటే చెంపకు చల్లగా ఉండేది. నేను కళ్ళు మూసుకునేదాన్ని.

పని అయ్యాక సిరిసిల్ల నుంచి పలచటి నూలుగుడ్డ తెప్పించి వార్నిష్‌లో తడిపి పైన పొరలు పొరలుగా అంటించారు. జగిత్యాలలో లారీలకు రంగులేసే సాయిబు వచ్చి అంచులకు ఎర్రరంగు దిద్దాడు, కాక కాస్త ఏమరితే వెనక వైపు నిమ్మకాయ, మిరపకాయలు కూడా వేసేవాడు. నా పాదాలు మాత్రం బ్రహ్మయ్య ఉలితో చెక్కి అలాగే ఉంచాడు, రంగు పడనివ్వలేదు. కార్తీక్ అంటాడు, "అసలు లాంగ్‌బోర్డు మీద ఒకచోట నిలబడరండీ, ముందుకీ వెనక్కీ నడుస్తారు" అని. నిజమే కావచ్చు. బ్రహ్మయ్యకు ఆ మాట చెప్పి ఉంటే సముద్రానికే పద్ధతి తెలియదనేవాడు.

నాకు ఈత వచ్చు. ఎండిన మునగ బెండు నడుముకు కట్టుకుని మోటబావిలో నేర్చుకున్నాను, అన్న కంటే ముందు బెండు విప్పేశాను. ఒక్కసారి, ఒకే ఒక్కసారి పెద్ద కాలువలో ఆ బోర్డు ఎక్కుతానని కాకను అడిగాను. అప్పటిదాకా ఎవరినీ ఏదీ అడిగి ఎరుగనిదాన్ని, నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"ఎంగిలైతది" అన్నాడు కాక. "ఒకలు ఎక్కిన దాన్ని సాహెబు బిడ్డకు ఇస్తమా?"

ఆ తర్వాతి ఆదివారం ఆయనే ఎక్కాడు. ఆయన ఎక్కితే ఎంగిలి కాదట, చెకింగట. ఊరంతా కాలువ గట్టు మీదికి చేరింది. బోర్డుకు పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టారు. కాక లుంగీ ఎగగట్టి, నల్లద్దాలు అలాగే ఉంచుకుని, ఎవరి చేయీ పట్టుకోకుండా బోర్డు మీద కాలు పెట్టాడు. రెండో కాలు పెట్టేలోపు అది పక్కకు ఒరిగి ఆయనను బొక్కబోర్లా నీళ్ళలో పడేసింది. నల్లద్దాలు పోయాయి. గట్టు మీద జనం పొట్టలు పట్టుకున్నారు. కాక గడ్డి పట్టుకుని పైకి పాకి బ్రహ్మయ్య మీద పడ్డాడు.

"ఏం జేసినవే? గిదేనా నీ పని?"

"బక్క పిల్ల కొలతకు జేసిన దాని మీద దున్నపోతు ఎక్కితె గట్లనే ఐతది" అన్నాడు బ్రహ్మయ్య, తనకు అస్సలు తడి తగలనివాడిలా. "నర్సును ఎక్కియ్యిండ్రి. దాని పేరు మీద ఆయమున్నది. నిలబడకపోతే నా చెయ్యి నరుకుండ్రి."

నేను అప్పటికే లంగా కుచ్చిళ్ళు నడుములో దోపుకున్నాను. ఒక అడుగు నీళ్ళలో పెట్టాను కూడా. వెనక నుంచి అవ్వ చెయ్యి నా మణికట్టు మీద పడింది. పొగాకు వాసన వేసే చెయ్యి, బీడీలు చుట్టి చుట్టి బిగిసిపోయిన వేళ్ళు.

"ఈడచ్చే పిల్లవు. ఇంతమంది మొగోళ్ళ ముందట తడిబట్టలతోని నిలబడ్తవా? ఇంటికి నడువు."

"ఒక్కసారే అవ్వా."

"నడువు అన్న."

జనం అటే చూస్తున్నారు, కొందరు అప్పుడే నవ్వడానికి సిద్ధంగా ఉన్నారు. తడిసి ముద్దయిన లుంగీతో కాక అక్కడే నిలబడి ఉన్నాడు, ఆయన్ను చూసి ఎవరికీ సిగ్గు లేదు. నేను ఇంటికి నడిచాను. ఆ రోజుతో బావి కూడా బంద్ అయింది. నాకు కోపం వచ్చింది, అప్పుడు చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను, అవ్వ మీద, కాక మీద, గట్టు మీద పళ్ళికిలించిన ప్రతి మగవాడి మీద. ఇన్నేళ్ళలో అందులో ఒక్క పిసరు తగ్గలేదు. తగ్గనివ్వలేదు కూడా.

బోర్డును సిరిసిల్ల గుడ్డలో చుట్టి బొంబాయి బస్సు మీదికెక్కించారు, అక్కణ్నుంచి ఓడలో పోయింది. కాక మళ్ళీ సెలవుకు వచ్చినప్పుడు డ్రైవరు కాలేదు గానీ, బోర్డు సంగతి మాత్రం కథలు కథలుగా చెప్పాడు. సాహెబు బిడ్డ ఎక్కి నిలబడిందట, అలల మీద చెలరేగి పోయిందట, సాహెబు ఈయన వీపు తట్టాడట. నేను ఒకటే అడిగాను.

"కాకా, ఆమె కాళ్ళు నా కాళ్ళ గుర్తులల్ల సరిగ్గ వట్టినయా?"

"నాకేం ఎరుక? గంత దగ్గరికెల్లి ఎవలు జూసిండ్రు?" అన్నాడు.

ఆ పిల్ల మీద నాకు ఎన్నేళ్ళు అసూయ ఉందో చెబితే ఎవరూ నమ్మరు. పెళ్ళయ్యాక, నా పిల్లలు పెద్దయ్యాక కూడా, టీవీలో సముద్రం కనబడితే నా పాదాల్లో తన పాదాలు పెట్టుకుని నిలబడ్డ ఒక ముఖం తెలియని పిల్ల గుర్తొచ్చేది.

ఇదంతా మనసులో తిరిగిపోతుండగా కార్తీక్ ఫోన్‌లో ఇంకో ఫొటో చూపించాడు. బోర్డు అడుగు భాగం. "చూడండి, ఎంత బాగుందో. ఎక్కడా గీత లేదు, దెబ్బ లేదు. హోటల్లో పాత మనిషి ఒకాయన చెప్పాడండీ, ఇది వచ్చిన రోజు నుంచే గోడకుందట. ఆ సాహెబు కూతురు ఎప్పుడూ ఎక్కనే లేదట. అప్పటికే ఆవిడకి కొత్త బోర్డు కొనిచ్చేశారట. అందుకే ఇంత చక్కగా మిగిలింది. మన అదృష్టం."

అదృష్టం అన్నాడు. నేను ఎక్కితే ఎంగిలవుతుందన్న బోర్డును నీళ్ళలో మా కాక తప్ప ఈ లోకంలో ఎవరూ ఎక్కలేదు. అది నీళ్ళు చూసింది ఒక్కరోజు, ఒక దున్నపోతు దాని మీంచి కాలువలో పడడానికి. నేను నవ్వాను. కార్తీక్ కూడా నవ్వాడు, ఎందుకో తెలియకుండానే. ఈ కాలపు పిల్లలకు అదొకటి, ఎదుటివాళ్ళు నవ్వితే నవ్వాలి.

ఇప్పుడు కోరుట్లలో అన్నీ కస్టమే. పుట్టినరోజు కేకు మీద ముఖం అచ్చు వేస్తారు, ఫోన్ కవరు మీద పేరు రాస్తారు. కొలత మాత్రం ఎవరూ తీయరు. బజారులో అంగీ అడిగితే మీడియమా లార్జా అంటారు, మనిషిని చూడకుండానే. ఆ పాత మనుషుల మీద నాకు గౌరవం లేదు, ఉండాల్సిన పనీ లేదు. కానీ బ్రహ్మయ్య ఒకడు నా వంకర వేలు చుట్టూ ఆగి గీశాడు. అంత మాత్రం ఒప్పుకుంటాను.

కార్తీక్ కెమెరా బయటికి తీశాడు. "మీరు ఆ తలుపు దగ్గర అలా మామూలుగా కూర్చోండి, కాస్త దూరం చూస్తున్నట్టు" అన్నాడు.

"కెమెరా లోపల వెట్టు" అన్నాను. "నువ్వు మనిషి కొలత తీసుకొని బోర్డు జేస్త అంటివి గదా. టేపున్నదా సంచిల?"

"ఉందండీ. ఎవరికి? మనవళ్ళకా?"

"నాకు."

అతను నా మోకాళ్ళ వైపు చూశాడు, తెల్ల జుట్టు వైపు చూశాడు. "మీకు... అంటే, ఎక్కడ వాడతారండీ?"

"గది నీకెందుకు? నడుపుతనో, దాని మీద మిరపకాయలు ఎండబోస్తనో నా ఇష్టం. మొదలు నా కొలత తియ్యి."

సంచిలోంచి టేపు తీశాడు. గోడకు ఆనించి ఎత్తు కొలిచాడు. మా మనవరాలి బరువు మిషన్ తెచ్చి బరువు చూశాడు. చేతులు చాపమన్నాడు, భుజం నొప్పి ఉన్నా చాపాను. ఈత వచ్చా అని అడిగాడు. వచ్చేది అన్నాను, ఒళ్ళు మరిచిపోయిందో లేదో నీళ్ళలో దిగితే గానీ తెలియదన్నాను. అన్నీ ఫోన్‌లో ఎక్కించుకున్నాడు. నేను పాత న్యూస్‌పేపరు నేల మీద పరిచి, చెప్పులు విడిచి దాని మీద నిలబడ్డాను.

"పాదాలు అక్కర్లేదండీ. చెప్పాను కదా, బోర్డు మీద నడుస్తారు, ఒకచోట నిలబడరు" అన్నాడు.

"నేను నిలబడ్త. గియ్యి."

అతను మోకాళ్ళ మీద కూర్చుని పెన్సిలుతో మొదలుపెట్టాడు. చక్కిలిగింత పెట్టింది, ఈసారి కదలలేదు. వంకర వేలు దగ్గరికి వచ్చి ఆగి, సరిచేసి నేరుగా గీయబోయాడు.

"వంకరుంటే వంకరనే గియ్యాలె" అన్నాను.

చెరిపి, మళ్ళీ గీశాడు. లేచి ఫోన్ తీసుకుని, "బోర్డు మీద పేరు ఏం రాయమంటారండీ?" అని అడిగాడు.

"కొలత ఎవలదైతే ఆల్ల పేరే" అన్నాను. ఇతనికి అది అర్థం కాదని గుర్తొచ్చి, నా పేరు విడివిడిగా ఒక్కొక్క అక్షరం చెప్పాను.